అప్పు కింద వచ్చిన గుర్రం

 

ఈసారి గుర్రాల గురించి రాస్తున్నాను. అది కూడా అమెరికా గుర్రాల గురించి. మెట్‌పల్లి పాస్టరుకు అమెరికా గుర్రాలతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. మన దగ్గర గుర్రం కనబడేదే పెళ్లి బారాత్‌లో. డీజే చప్పుడుకు అది బెదిరితే పెళ్లికొడుకు దాని జూలు పట్టుకొని కళ్లు మూసుకుంటాడు, అంతే మనకు తెలిసిన గుర్రం. అయినా దయచేసి చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని సంఘం ముందు ఒప్పుకోవాలనే రాస్తున్నాను.

మన సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడు. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. ఆయన తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాడు. పోయేటప్పుడు ఏజెంటు చెప్పింది కంపెనీ పని. దిగాక దొరికింది ఒక పెద్దమనిషి గుర్రాల లాయంలో పని. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పేడ ఎత్తడం, నీళ్లు పట్టడం, దాణా పెట్టడం, ఒళ్లు తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి గీకడం. ఇక్కడ ఆయన భార్య బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను చదివించింది. బిడ్డ డిగ్రీ పూర్తి చేసింది, మన సండే స్కూల్‌లో పిల్లలకు పాఠాలు చెప్తుంది. మీలో చాలామందికి ఆ అమ్మాయి తెలుసు.

వచ్చిన కొత్తలో ఆయన నాతో ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, గుర్రానికి పాస్‌పోర్టు ఉంటది, మీకు ఎరుకేనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నిజం అయ్యగారూ. పందేలకు, పోటీలకు దేశం దాటించే గుర్రానికి పాస్‌పోర్టు ఉంటది. దాని మొఖం మీది తెల్లమచ్చ ఎంత ఉంది, ఏ కాలికి ఎంత తెలుపు ఉంది, అన్నీ బొమ్మ గీసి రాస్తరు. ఏ సూది ఎప్పుడు ఇచ్చిండ్రో రాస్తరు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు, అన్నీ కాగితం మీద ఉంటయి. లాయంల ఏసీ ఉంటది. నేను పండేది రేకుల రూం. నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాల. గుర్రాల పాస్‌పోర్టులు గూడ అదే బీరువాల. రెండూ ఒక్కతీరుగనే కట్టగట్టి పెట్టిండు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అయినా అప్పుడు దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

ఈ మధ్య ఆయన బిడ్డకు సంబంధం వచ్చింది. అబ్బాయిది కోరుట్ల వైపు కుటుంబం, వాళ్లూ విశ్వాసులే. బయోడేటాలు ఇటు అటు ఇచ్చింది నేనే. చూసుకోవడానికి వచ్చిన రోజు నేనూ ఆ ఇంట్లో ఉన్నాను. అబ్బాయి నెమ్మదస్తుడు, అమ్మాయి నచ్చింది, తల్లికీ నచ్చింది. ప్రార్థన చేసుకున్నాం. చాయ్ వచ్చింది. అప్పుడు అబ్బాయి మేనమామ గ్లాసు చేతిలో పట్టుకొని, మామూలుగా, వాన గురించి అడిగినట్టు అడిగాడు: "అంతా బాగనే ఉంది. ఇంతకు మీరు అసలు ఏమిటోళ్లు?"

ఆ ప్రశ్నకు అర్థం మన పల్లెల్లో అందరికీ తెలుసు. బాప్తిస్మం తీసుకోకముందు మీ తాతలది ఏ కులం అని.

సహోదరుడు నావైపు చూశాడు. ఒళ్లో బైబిలు పెట్టుకొని కూర్చున్నది నేను. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేను. నేనేమన్నానో తెలుసా? "చాయ్ చల్లారుతుంది, తాగండి" అన్నాను.

సహోదరుడే జవాబు చెప్పాడు, ఉన్నది ఉన్నట్టు. మేనమామ తల ఊపాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది, "జాతకం కలవలేదు" అన్నట్టుగా. విశ్వాసులకు జాతకం ఎక్కడిది, వాళ్లు "దేవుని చిత్తం కనబడతలేదు" అన్నారు. మాట వేరు, సంగతి అదే.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆ కుటుంబం ఆరాధనకు రాలేదు. మూడో సోమవారం నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. సంబంధం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గుర్రాల గురించి మాట్లాడాడు.

"అయ్యగారూ, నేను తొమ్మిదేండ్లు జాతి గుర్రాలను తోమిన. అండ్ల రెండు అమెరికావి, క్వార్టర్ హార్స్ అంటరు. వాటికి మాలిష్ జేసుకుంట నేను అక్కడి ట్రైనర్‌ను అడిగిన, ఈ జాతి ఎట్ల వచ్చిందని. ఆయన చెప్పిండు. అండ్ల ఒక్కటి గూడ మొదలు జాతి గుర్రం కాదు."

ఇంటికి వచ్చాక నేను కూర్చొని చదివాను. ఒక రాత్రి అనుకున్నది వారం పట్టింది. చదివిన కొద్దీ నా తల వంగిపోయింది. ఆ చదివినది మీకు చెప్తాను.

స్పెయిన్ వాళ్లు వెళ్లేనాటికి అమెరికా ఖండంలో ఒక్క గుర్రం కూడా లేదు. పూర్వం ఎప్పుడో ఉండి, వేల ఏళ్ల కిందట అంతరించిపోయాయని శాస్త్రజ్ఞులు చెప్తారు. 1493లో కొలంబస్ రెండోసారి ఓడలు కట్టుకొని వెళ్లినప్పుడు గుర్రాలను దింపాడు. 1519లో కోర్టెస్ పదహారు గుర్రాలతో మెక్సికో తీరంలో అడుగు పెట్టాడు. తర్వాత ఇంగ్లండు నుంచి, ఇతర దేశాల నుంచి మరెన్నో వచ్చాయి. అంటే ఈ రోజు మనం అమెరికా గుర్రం అని గొప్పగా చెప్పుకునే ప్రతి గుర్రం వలస వచ్చిన గుర్రం సంతానమే. ఓడ దిగినదే.

వాటిలో కొన్ని తప్పించుకొని మైదానాల్లో పడి, మందలై తిరిగాయి. వాటిని మస్టాంగ్ అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు మూలం యజమాని లేని పశువు, తప్పిపోయిన పశువు అనే అర్థం. మన భాషలో అంటే దిక్కులేనిది. చిన్న ఒళ్లు, గట్టి గిట్టలు, కొద్ది గడ్డితో బతికే ఓర్పు. ఒకప్పుడు పట్టుకొని చంపి అమ్ముకున్నారు. చివరికి 1971లో అమెరికా ప్రభుత్వం వాటి రక్షణకు చట్టం చేసింది. దిక్కులేనిది అని పేరు పెట్టిన దానినే తమ దేశ చరిత్రకు గుర్తు అన్నారు.

ఇక మన సహోదరుడు తోమిన క్వార్టర్ హార్స్. వర్జీనియా వైపు వలస వచ్చినవాళ్లు ఊరి వీధుల్లోనే పందెం పెట్టేవారు. పావు మైలు, అంటే సుమారు నాలుగు వందల మీటర్ల పరుగు. పావు మైలులో దాన్ని మించింది లేదు కాబట్టి పావు మైలు గుర్రం అని పేరు. వెనక తొడలు బలంగా, ఛాతీ వెడల్పుగా ఉంటుంది, స్వభావం నెమ్మది. తర్వాత పడమటి పశువుల కాపరుల చేతుల్లో పడి ఇంకో గుణం చూపించింది. మందలోంచి ఒక ఆవును విడదీయాలంటే, ఆ ఆవు ఎటు తిరగబోతుందో ముందే కనిపెట్టి అడ్డం పోతుంది. అలా రెండు వందల ఏళ్ల దాకా అది పని చేస్తూనే ఉంది, దానికి పుస్తకం లేదు. 1940లో సంఘం పెట్టి జాతి పుస్తకం తెరిచారు. మొదటి నంబరు ఎవరికి ఇవ్వాలో తేలక, మరుసటి సంవత్సరం ఫోర్ట్‌వర్త్ ప్రదర్శనలో గెలిచిన గుర్రానికి ఇస్తామని ఆ నంబరును ఖాళీగా ఉంచారు.

దేవుని బిడ్డలారా, గమనించండి. ముందు గుర్రం పరుగెత్తింది. పుస్తకం తర్వాత వచ్చింది.

స్టాండర్డ్‌బ్రెడ్ అని ఇంకో జాతి ఉంది. చిన్న బండి కట్టి దుడుకు నడకలో పందెం వేస్తారు. 1879లో దాని సంఘం వాళ్లు ఒక కొలత పెట్టారు. మైలు దూరాన్ని రెండున్నర నిమిషాలలో దాటగలిగితే అది ఈ జాతిదే. ఆ కొలతను బట్టే దానికి ఆ పేరు. ఈ రోజు ఆ జాతి గుర్రాలు దాదాపు అన్నీ హాంబిల్టోనియన్ అనే ఒకే మగ గుర్రం సంతానం. అది 1849లో పుట్టింది. దాని తల్లి కుంటిది. యజమాని ఆ కుంటి తల్లినీ, దాని పిల్లనూ కలిపి తన దగ్గర కూలికి పనిచేసే రైస్‌డిక్ అనే మనిషికి 125 డాలర్లకు అమ్మేశాడు. కూలివాడు కొన్న కుంటిదాని పిల్ల ఒక జాతికి మూలపురుషుడు అయ్యింది.

టెన్నెసీ వాకింగ్ హార్స్ అని దక్షిణాన మరొకటి. దాని గొప్పతనం నడక. పెద్ద పెద్ద తోటల్లో యజమాని రోజంతా జీను మీద కూర్చొని తిరిగినా కుదుపు తెలియదు, ఊయలలాగా సాగిపోతుంది. అది దానికి పుట్టుకతో వచ్చిన వరం. అయితే ప్రదర్శనల్లో ముందు కాళ్లు ఇంకా ఎత్తి వేస్తే చప్పట్లు ఎక్కువ పడతాయని కొందరు దాని కాళ్లకు మంటపుట్టించే రసాయనాలు పూసి, గొలుసులు కట్టేవారు. నొప్పికి అది కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తుంటే చూసేవాళ్లు అందం అనుకున్నారు. 1970లో దాన్ని ఆపడానికి చట్టం తేవలసి వచ్చింది. దేవుడిచ్చిన నడక చాలదని మనుషులు పుండు చేసి నడిపించారు. మన సంఘాల్లో కూడా మనుషుల మెప్పు కోసం పుండ్ల మీద నడుస్తున్నవాళ్లు లేరా? నేను ముందుగా నన్నే అడుగుతున్నాను.

అప్పలూసా గుర్రం సంగతి చదివినప్పుడు నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. తొడల మీద చిరుత మచ్చలు, గీతలున్న గిట్టలు, కంటిగుడ్డు చుట్టూ మనిషికి ఉన్నట్టు తెలుపు. నెజ్‌పర్స్ అనే ఆదివాసీ ప్రజలు ఈ గుర్రాలను పెంచారు. వాళ్ల నేల దగ్గరి పలూస్ నది పేరు మీదనే దానికి ఆ పేరు. 1877లో వాళ్లను సొంత నేల నుంచి వెళ్లగొట్టబోతే, ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకొని, ఈ గుర్రాల మీద దాదాపు 1,900 కిలోమీటర్లు పోయారు. కెనడా సరిహద్దు ఇంకా కొద్ది దూరం ఉందనగా అక్టోబర్ 5న లొంగిపోవలసి వచ్చింది. గుర్రాలను సైన్యం తీసుకుంది. ఆ జాతి చెల్లాచెదురైంది. అరవై ఏళ్ల తర్వాత, 1938లో, మిగిలినవాటిని వెతికి సంఘం పెట్టి పుస్తకం రాయడం మొదలుపెట్టారు. గుర్రం పేరు పుస్తకంలోకి ఎక్కింది. పెంచినవాళ్ల నేల మాత్రం వాళ్లకు తిరిగి రాలేదు.

చివరిగా మోర్గన్. నన్ను పట్టుకొని వదలనిది ఇదే.

వెర్మాంట్ రాష్ట్రంలో జస్టిన్ మోర్గన్ అనే బడిపంతులు ఉండేవాడు. ఊరూరూ తిరిగి పాటలు కూడా నేర్పేవాడు. బక్క మనిషి, బీదవాడు. ఆయనకు ఎవరో బాకీ ఉన్నారు. బాకీ వసూలుకు వెళితే డబ్బు లేదని, దాని బదులు ఒక గుర్రప్పిల్లను ఇచ్చి పంపారని చెప్తారు. 1789లో పుట్టిన పిల్ల అది. పేరు ఫిగర్. ఎదిగినా పొట్టిదే, భుజం దగ్గర కొలిస్తే సుమారు 56 అంగుళాలు. దాని తండ్రి ఎవరనేది ఈనాటికీ వాదనే. పంతులు దాన్ని అద్దెకు కూడా ఇచ్చేవాడు. అది అడవిలో దుంగలు లాగింది, పొలం దున్నింది, పందెంలో పరుగెత్తింది, ఆదివారం యజమానిని గుడికి తీసుకుపోయింది. పెద్ద గుర్రాలు కదిలించలేని దుంగను లాగిందని కథలు చెప్పుకున్నారు. 1798లో పంతులు బీదవాడుగానే చనిపోయాడు. గుర్రం చేతులు మారుతూ, మారుతూ, ముసలితనంలో కూడా పనిచేసి 1821లో చచ్చిపోయింది.

దాని పిల్లలు ఒక్కోటీ దానిలాగే పుట్టాయి. అదే పొట్టి గట్టి ఒళ్లు, అదే ఎత్తిన మెడ, అదే ఓర్పు. అప్పుడు జనం గుర్తుపట్టారు. యజమాని పేరు మీద దాన్ని మోర్గన్ జాతి అన్నారు. ఆ జాతి పుస్తకం అచ్చయింది 1894లో, అంటే గుర్రం చచ్చిన డెబ్బై మూడేళ్లకు. ఈ రోజు మోర్గన్ గుర్రానికి ఉన్న వంశావళి ఎంత వెనక్కి వెళ్లినా ఒకచోట ఆగుతుంది. అప్పు కింద వచ్చిన, తండ్రి ఎవరో ఖాయంగా తెలియని ఆ పిల్ల దగ్గర ఆగుతుంది.

నేను ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు చీకట్లో కూర్చున్నాను. ఎందుకంటే మా తాత కూడా అప్పు కింద పోయినవాడే.

ఈ సంగతి నేను సంఘంలో ఎన్నడూ చెప్పలేదు. మా ముత్తాత దొర దగ్గర తీసుకున్న అప్పుకు మా తాతను చిన్నప్పుడే జీతం పెట్టాడు. జీతం అంటే నెలకు వచ్చేది కాదు, మన పాతవాళ్లకు తెలుసు. తిండి పెట్టి పని చేయించుకుంటారు, అప్పు మాత్రం తీరదు. వెట్టి చాకిరీని రద్దుచేసే చట్టం దేశానికి 1976లో వచ్చింది. అంతకు చాలా ముందే, మా తాత నడివయసులో ఉండగా, ఊరికి వచ్చిన ఒక సువార్తికుడు చెట్టు కింద ఆయనకు యేసు పేరు చెప్పాడు. ఆయనకు రాయడం రాదు. బాప్తిస్మపు పుస్తకంలో ఆయన పేరు ఎదుట వేలిముద్ర ఉంది. తండ్రి పేరు రాసే చోట ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి వచ్చినవాణ్ని నేను. సెమినరీలో చదివి, తెల్లచొక్కా వేసుకొని, ఆ ఇంట్లో కుర్చీలో కూర్చొని, "మీరు ఏమిటోళ్లు" అని అడుగుతుంటే చాయ్ తాగమన్నాను.

ఎందుకు అలా అన్నాను? ఆ ప్రశ్న ఇంకొంచెం జరిగి నా దగ్గరికి వస్తుందని భయపడ్డాను. అంతే. వేరే కారణం లేదు.

బైబిలులో ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం చూడండి. చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లలో కొందరు తమ పేర్లను వంశావళి పుస్తకంలో వెతుక్కున్నారు, దొరకలేదు. వాళ్లను యాజకత్వం నుంచి పక్కకు పెట్టారు. సెమినరీలో ఆ అధ్యాయాన్ని పేర్ల జాబితా అని త్వరగా దాటేసేవాళ్లం. ఇప్పుడు చదివితే, పుస్తకంలో పేరు కనబడని మనిషి ముఖం నాకు కనబడుతోంది. సహోదరుడు ఆ రోజు నావైపు చూసిన ముఖం అది.

ఇప్పుడు మత్తయి మొదటి అధ్యాయం చూడండి. రాజాధిరాజు వంశావళి. గొప్పలు చెప్పుకోవాలంటే దాచిపెట్టవలసిన పేర్లనే దేవుడు అందులో రాయించాడు. తామారు ఉంది. యెరికో వేశ్య రాహాబు ఉంది. మోయాబు నుంచి వచ్చి పరాయి పొలంలో పరిగె ఏరుకున్న రూతు ఉంది. ఊరియా భార్య ఉంది. మనుషులు జాతి పుస్తకం రాసేటప్పుడు మచ్చలు కప్పిపెడతారు. దేవుడు తన కుమారుని పుస్తకాన్ని మచ్చలు కనబడేటట్టే తెరిచాడు.

ఎనభై ఏడో కీర్తన కూడా చదవండి. ఐగుప్తు, బబులోను, ఫిలిష్తియ, తూరు, కూషు, అందరూ పరాయివాళ్లే. దేవుడు తన ప్రజల లెక్క రాసేటప్పుడు వాళ్ల పేర్లు రాసి, వీళ్లు సీయోనులో పుట్టారు అని రాస్తాడట. ఎక్కడ పుట్టారో దేవునికి తెలియకనా? తెలిసే అలా రాశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన తెలుగులో గుర్రానికీ మనిషికీ ఒకే మాట వాడతాం, జాతి అని. మోసమంతా అక్కడే ఉంది. గుర్రాల జాతిని మనిషి చేశాడు. ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో ఏరి, తలుపు మూసి, తరాల తరబడి చేస్తే అదే ఒళ్లు, అదే నడక మళ్లీ పుట్టుకొస్తుంది. మనుషుల విషయంలో దేవుడు అలా చేయలేదు. ఒక్కని నుంచే సమస్త జనులనూ కలుగజేశాడని పౌలు ఏథెన్సులో చెప్పాడు, అపొస్తలుల కార్యములు పదిహేడులో ఉంది. కాబట్టి గుర్రాల కథ చెప్పి "మనమూ మంచి జాతివాళ్లమే" అనడం లేదు. మనుషుల మధ్య ఆ ప్రశ్నే తప్పు అంటున్నాను. లాయంలో అడగవలసిన ప్రశ్నను మనం ఇంట్లో చాయ్ ముందు అడుగుతున్నాం. లాయంలో కూడా, మొదట జాతి కట్టినవాళ్లు ఆ గుర్రం ఏం చేయగలదో చూశాకే పుస్తకం తెరిచారు కదా.

ఇంకో వాక్యం గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డల కోసం. ద్వితీయోపదేశకాండం పదిహేడులో రాజుకు దేవుడు పెట్టిన హద్దు ఉంది. గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదు, గుర్రాల కోసం ప్రజలను మళ్లీ ఐగుప్తుకు పోనివ్వకూడదు. గుర్రం కోసం మనిషిని దాసత్వంలోకి పంపవద్దని దేవుడు ముందే రాయించాడు. సొలొమోను వినలేదు. ఐగుప్తు నుంచి గుర్రాలను తెప్పించాడని మొదటి రాజుల గ్రంథంలో ఉంది. ఆ బీరువాలో కట్టగట్టిన పాస్‌పోర్టుల మాట విన్నప్పటి నుంచి ఈ వాక్యాన్ని నేను మామూలుగా చదవలేకపోతున్నాను. బిడ్డలారా, మీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉన్నా, మీ పేరు ఎవరి చేతిలో ఉందో మరచిపోకండి.

ఇక నేను ఏం చేశానో చెప్పి ముగిస్తాను.

ముందుగా సహోదరుని ఇంటికి వెళ్లి, ఆయన భార్య, బిడ్డల ముందు క్షమాపణ అడిగాను. మా తాత సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయ్యగారూ, గుర్రం మోకాళ్ల మీద పడితె మనం తిట్టొద్దు, లేపాలె. నాకు అక్కడ నేర్పింది గదే" అన్నాడు. నన్ను లేపాడన్నమాట.

తర్వాత కోరుట్ల వెళ్లాను. మేనమామకు కూడా మా తాత సంగతి చెప్పాను, ఆ రోజు చెప్పవలసిన మాట ఈ రోజు చెప్తున్నానని చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు, కానీ మనసు మారినట్టు కనబడలేదు. అబ్బాయి మాత్రం నన్ను బస్టాండు దాకా దింపడానికి బండి తీశాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు, "అయ్యగారూ, నేను ఇంట్లో మాట్లాడుత" అన్నాడు. ఇంతవరకు జవాబు రాలేదు. ప్రార్థన చేయండి. సంబంధం కుదరాలని మాత్రమే కాదు, ఆ ఇంట్లో ఆ మాట మాట్లాడే ధైర్యం ఆ అబ్బాయికి రావాలని చేయండి.

మూడోది. మన సంఘంలో పెళ్లి సంబంధాలకు వాడే బయోడేటా కాగితం నేను అచ్చు వేయించిందే. అందులో పేరు, చదువు, ఎత్తు, ఉద్యోగం, ఆ కింద ఒక గడి ఉంది. కులం అని. ఇన్నేళ్లుగా అది నా చేతుల మీదుగా ఇల్లిల్లూ తిరిగింది. మేనమామ అడిగిన ప్రశ్నను ముందు అడిగింది నేనే అని ఆ కాగితం చూసేవరకు నాకు తట్టలేదు. మిగిలిన కాగితాలన్నీ కాల్చివేశాను. కొత్తవి వచ్చే ఆదివారం ఇస్తాను. ఆ గడి ఉన్నచోట బాప్తిస్మం ఏ సంవత్సరంలో తీసుకున్నారు అని ఉంటుంది.

కొందరు పెద్దలకు ఇది నచ్చదని తెలుసు. నాతో మాట్లాడాలనుకునేవాళ్లు రండి, మా ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. చాయ్ తాగుదాం. ఈసారి చాయ్ చల్లారినా పర్వాలేదు, మాట పూర్తి చేద్దాం.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, అప్పు కింద అమ్ముడుపోయిన మమ్మల్ని నీ కుమారుని రక్తంతో విడిపించావు. మా పేర్లను నీ గ్రంథంలో రాశావు. నీవు అడగని ప్రశ్నను మేము ఒకరినొకరు అడిగిన ప్రతిసారీ మమ్మల్ని క్షమించు. మాట్లాడవలసిన చోట మౌనంగా ఉన్న నీ దాసుణ్ని క్షమించు. దూరదేశాలలో రేకుల గదుల్లో పండుకునే మా బిడ్డలను కాపాడు. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.